పాత యుద్ధవిమానాలు, కొత్త విండోస్: మీ ప్రశ్నలకు మా జవాబులు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. చాలామంది విండోస్ 11కు మారారు. మారాక పాత ఫ్లైట్ సిమ్యులేటర్లు మొండికేస్తున్నాయన్న ఉత్తరాలు ఎక్కువయ్యాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే. ఫైలు పేర్లను, సెట్టింగులను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాశాం. కంప్యూటర్లో వాటిని ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలని గుర్తుంచుకోండి.

ప్రశ్న: మైక్రోసాఫ్ట్ కంబాట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 3 అసలు డిస్కులు నా దగ్గరున్నాయి. విండోస్ 11లో ఇన్‌స్టాల్ అవుతోంది కానీ ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఏమీ కాదు, ఎర్రర్ కూడా చూపదు. కంపాటిబిలిటీలో ఎక్స్‌పీ పెట్టినా అంతే. (గుంటూరు నుంచి)

ఇక్కడ తప్పు ఆటది కాదు, డిస్కుకు వేసిన తాళానిది. 2000 ప్రాంతంలో వచ్చిన చాలా ఆటలకు సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉండేది. అది పనిచేయాలంటే సెక్‌డ్రైవ్.సిస్ అనే డ్రైవరు విండోస్ లోపల నడవాలి. దానిలో భద్రతా లోపాలు బయటపడ్డాయి. దాంతో 2015లో వచ్చిన విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని పూర్తిగా తీసేసింది. అదే ఏడాది సెప్టెంబరు అప్‌డేట్‌తో విస్టా, 7, 8లలోనూ ఆపేసింది. ఆట మొదలవగానే ఆ డ్రైవరు కోసం వెతుకుతుంది, దొరక్కపోతే చప్పుడు లేకుండా ఆగిపోతుంది. టాస్క్ మేనేజర్ తెరిచిపెట్టుకుని డబుల్ క్లిక్ చేస్తే ఆట పేరు క్షణంపాటు కనిపించి మాయమవడం చూడవచ్చు. కంపాటిబిలిటీ మోడ్ లేని డ్రైవరును పుట్టించలేదు కాబట్టి ఎక్స్‌పీ పెట్టినా, విండోస్ 98 పెట్టినా ఫలితం ఒకటే.

మీ దగ్గరున్న వేరే డిస్కులకూ ఇదే రక్షణ ఉందో లేదో తెలుసుకోవాలంటే డిస్కును ఎక్స్‌ప్లోరర్లో తెరిచి చూడండి. 00000001.టీఎంపీ అనే ఫైలు గాని, దాని పక్కన సెక్‌డ్రైవ్.సిస్, డీఆర్‌వీఎంజీటీ.డీఎల్ఎల్ గాని కనిపిస్తే అది సేఫ్‌డిస్కే.

దారి ఏమిటంటే సేఫ్‌డిస్క్‌షిమ్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ ఉపకరణం. ఆట అడిగే ప్రశ్నలకు ఆ పాత డ్రైవరు బదులు ఇదే జవాబు చెబుతుంది. రక్షణను తీసేయదు కాబట్టి అసలు డిస్కు డ్రైవులో ఉండాల్సిందే. ఈ పని కోసం విండోస్‌ను టెస్ట్ సైనింగ్ మోడ్‌లో (సరైన డిజిటల్ సంతకం లేని డ్రైవర్లనూ ఒప్పుకునే స్థితిలో) పెట్టి పాత సెక్‌డ్రైవ్‌ను బలవంతంగా ఎక్కించమని కొందరు సలహా ఇస్తారు. అలా చేయవద్దు. దానికోసం సెక్యూర్ బూట్ ఆపాలి, పైగా ఏ లోపం వల్ల ఆ డ్రైవరును తీసేశారో దాన్ని మళ్లీ మీరే తెచ్చిపెట్టుకున్నట్టవుతుంది. డిస్కు లేకుండా ఆట నడిచేలా ఎవరో మార్చిన నో-సీడీ ఫైళ్ల జోలికి పోకపోవడమూ మంచిది, వాటిలో ఏముందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఆట తెరుచుకున్నాక, ఆట ఫోల్డర్లోనే ఉన్న సీఎఫ్‌ఎస్3కాన్ఫిగ్ అనే ప్రోగ్రామ్‌ను ఒకసారి నడిపి రిజల్యూషన్ ఎంచుకోండి. 2002 నాటి ఆటకు నేటి గ్రాఫిక్స్ కార్డు పేరు తెలియదు. దానికది వదిలేస్తే నాసిరకం సెట్టింగులతో సర్దుకుంటుంది.

స్టార్‌ఫోర్స్ రక్షణ ఉన్న డిస్కులది వేరే కథ. లాక్ ఆన్ (2003), పసిఫిక్ ఫైటర్స్ (2004) ఈ కోవలోవి. ఆ నాటి స్టార్‌ఫోర్స్ డ్రైవర్లు 64 బిట్ విండోస్‌లో నడవవు. ఆ డిస్కులతో కుస్తీ పట్టడం దండగ. పసిఫిక్ ఫైటర్స్ విషయంలో అయితే, దాన్ని కూడా కలుపుకొని 2006లో వచ్చిన ఐఎల్-2 స్టుర్మోవిక్: 1946ను గాగ్, స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణాల్లో ఏదో ఒకదానిలో కొనుక్కోండి. డిస్కు అక్కర్లేదు, ధర కూడా పెద్దగా ఉండదు.

ప్రశ్న: ఐఎల్-2 1946 తెరుచుకుంటోంది గానీ చిత్రం నలుచదరంగా మధ్యలో వస్తోంది, రెండు పక్కలా నల్ల పట్టీలు. ఆట సెట్టింగుల ఫైలు కాన్ఫ్.ఐఎన్ఐలో 1920, 1080 అని మార్చి సేవ్ చేసినా ఆట పట్టించుకోదు. నేల, సముద్రం కూడా మొద్దుగా ఉన్నాయి. (హనుమకొండ నుంచి)

మూడు వేర్వేరు సమస్యలివి. మార్పులు నిలవకపోవడం ముందు తేల్చాలి, లేకపోతే మిగతా రెండూ తేలవు.

ఆట సి డ్రైవులో ప్రోగ్రామ్ ఫైల్స్ కింద ఉందనుకుందాం. ఆ ఫోల్డర్లో మామూలు ప్రోగ్రాములు రాయడానికి విండోస్ ఒప్పుకోదు. పాత 32 బిట్ ఆట రాయబోతే దాన్ని వద్దనకుండా, ఆ ఫైలు నకలు ఒకటి వేరేచోట పెట్టి అక్కడ రాయనిస్తుంది. ఆ చోటు మీ యూజర్ ఫోల్డర్లో యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్. అప్పటి నుంచి ఆట చదివేది ఆ నకలునే. మీరు నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటరుగా తెరిచి దిద్దినది అసలు ఫైలును. మీరు రాసేది ఒకటి, ఆట చదివేది మరొకటి! వర్చువల్‌స్టోర్‌లో ఆట పేరుతో ఫోల్డరు కనిపిస్తే అదే జరుగుతోందన్న మాట. దాన్ని తీసేసి, ఆటను సి:\గేమ్స్ లాంటి మామూలు ఫోల్డర్లో మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. స్టీమ్ తన ఫోల్డరుకు రాసే అనుమతి ముందే తీసుకుంటుంది కాబట్టి స్టీమ్‌లో కొన్నవారికి ఈ బెడద ఉండదు.

ఇంకో సంగతి. ఆట మూసేటప్పుడు కాన్ఫ్.ఐఎన్ఐని తనే తిరగరాస్తుంది. అందుకే ఆట పూర్తిగా మూసిన తర్వాతే దిద్దాలి. ఐఎల్2సెటప్ ప్రోగ్రామ్ నడిపినా మీ మార్పులు పోవచ్చు, కాబట్టి ముందు ఆ సెటప్‌లో పనులు ముగించి తర్వాత చేత్తో దిద్దండి. ఫైలును రీడ్-ఓన్లీ చేస్తే సరి అనుకుంటారు కొందరు. జాయ్‌స్టిక్ సెన్సిటివిటీ కూడా ఆ ఫైల్లోనే ఉంటుంది, అప్పుడు అదీ సేవ్ కాదు.

ఇక నల్ల పట్టీలు. ఫైల్లో విండో అన్న విభాగం కింద ఈ వరుసలు ఇలా ఉండాలి:

విడ్త్=1920
హైట్=1080
కలర్‌బిట్స్=32
డెప్త్‌బిట్స్=24
స్టెన్సిల్‌బిట్స్=8
చేంజ్‌స్క్రీన్‌రెస్=1
ఫుల్‌స్క్రీన్=1
సేవ్‌యాస్పెక్ట్=0

కలర్ అన్న మాటను ఈ ఫైల్లో బ్రిటిష్ పద్ధతిలో, యు అక్షరంతో రాస్తారు. కొత్తగా టైపు చేయకుండా ఉన్న వరుసలోనే అంకె మార్చడం క్షేమం. పట్టీలకు మూలం చివరి వరుస. అది 1గా ఉంటే ఆట తన పాత 4:3 నిష్పత్తిని వదలదు.

దీన్ని 0 చేశాక చిత్రం తెరంతా నిండుతుంది, కానీ మరో చిక్కు వస్తుంది. ఈ ఆట చూపుకోణాన్ని అడ్డంగా కొలుస్తుంది. తెర వెడల్పయిన కొద్దీ పక్కల అదనంగా ఏమీ కనిపించదు, పైనా కిందా కోత పడుతుంది. కాక్‌పిట్‌లో కింది మీటర్లు తెరలోకి రావడం లేదంటే కారణం ఇదే. డిలీట్ మీట నొక్కితే విశాల దృశ్యం, ఎండ్ నొక్కితే మామూలు దృశ్యం, పేజ్ డౌన్ నొక్కితే గురి చూసే దగ్గరి దృశ్యం వస్తాయి. వెడల్పు తెర మీద మామూలుగా ఎగిరేటప్పుడు డిలీట్ దృశ్యంలో ఉండటమే మేలు.

మొద్దుగా కనిపించే నేల సంగతి. ఐఎల్2సెటప్‌లో బొమ్మలు గీసే పద్ధతిగా డైరెక్ట్‌ఎక్స్ ఎంచుకుని ఉంటే అత్యున్నతమైన పర్‌ఫెక్ట్ స్థాయి అందుబాటులోకే రాదు. అది ఓపెన్‌జీఎల్‌కే పరిమితం. అక్కడ ఓపెన్‌జీఎల్ ఎంచుకుని, 32 బిట్ రంగులు పెట్టి, ఆటలో ల్యాండ్‌స్కేప్‌ను పర్‌ఫెక్ట్ చేయండి. తర్వాత ఫైల్లో రెండర్_ఓపెన్‌జీఎల్ విభాగంలో హార్డ్‌వేర్‌షేడర్స్=1 ఉందో లేదో చూసి, వాటర్ విలువను 2 నుంచి మొదలుపెట్టి ఒక్కో అంకె పెంచుకుంటూ వెళ్లండి. నీళ్లు నల్లబడినా, అలలు మిణుకుమన్నా ఒక అంకె వెనక్కి రావాలి. ప్రాసెసరులోనే ఉండే గ్రాఫిక్స్‌తో ఈ తేడా ఎక్కువగా వస్తుంది. పొగ, మేఘాల మధ్య ఆట నత్తనడక నడిస్తే ఎఫెక్ట్స్ విలువ తగ్గించండి. చూడటానికి పోయేది తక్కువ, వేగంలో వచ్చేది ఎక్కువ.

ప్రశ్న: యూరోపియన్ ఎయిర్ వార్ (1998) మెనూలో రంగులు పిచ్చిపిచ్చిగా వస్తున్నాయి. విమానం ఎక్కగానే డెస్క్‌టాప్‌కు వచ్చేస్తోంది. (నిజామాబాద్ నుంచి)

ఆ తరం ఆటలు డైరెక్ట్‌ఎక్స్ 5, 6, 7లనో, త్రీడీఎఫ్‌ఎక్స్ కార్డుల సొంత గ్రాఫిక్స్ పద్ధతి గ్లైడ్‌నో నమ్ముకుని రాసినవి. గ్లైడ్ కార్డులు ఎప్పుడో పోయాయి. పాత డైరెక్ట్‌ఎక్స్ విండోస్‌లో ఇంకా ఉంది గానీ, 256 రంగుల మెనూలను నేటి డ్రైవర్లు సరిగా గీయవు. ఈ రెంటినీ డైరెక్ట్3డీ 11 లేదా 12లోకి మార్చి గ్రాఫిక్స్ కార్డుకు అందించే ఉచిత ప్రోగ్రామ్ డీజీవూడూ 2. 1998–2003 మధ్య ఆటలకు ఒక్కటంటే ఒక్క మందు చెప్పమంటే ఇదే చెబుతాం.

జిప్ విప్పాక ఎంఎస్ ఫోల్డర్లో ఎక్స్86లోంచి డీడ్రా.డీఎల్ఎల్, డీ3డీఐఎంఎం.డీఎల్ఎల్ తీసి, ఆట అసలు ఈఎక్స్ఈ ఉన్న ఫోల్డర్లో వేయండి. షార్ట్‌కట్ ఉన్నచోట వేస్తే లాభం లేదు. గ్లైడ్ కోసం 3డీఎఫ్‌ఎక్స్, ఎక్స్86లోని మూడు గ్లైడ్ ఫైళ్లు కూడా వేయండి. మీ విండోస్ 64 బిట్ అయినా ఆట 32 బిట్‌దే కాబట్టి ఎక్స్64 ఫోల్డరును ముట్టుకోవద్దు. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. డీజీవూడూసీపీఎల్‌ను కూడా అక్కడే పెట్టి తెరవండి. జనరల్ ట్యాబ్‌లో స్కేలింగ్‌ను 4:3 నిష్పత్తి నిలిపేదిగా పెట్టండి. డైరెక్ట్‌ఎక్స్ ట్యాబ్‌లో వీడియో మెమరీ 256 ఎంబీ చాలు. ఎక్కువిస్తే మంచిదే కదా అనుకోవద్దు. చాలా పాత ఆటలు మెమరీని గుర్తుతో కూడిన 32 బిట్ అంకెగా లెక్కిస్తాయి. 2 జీబీ దాటితే ఆ లెక్క రుణ సంఖ్యగా మారి, ఆట వీడియో మెమరీయే లేదనుకుని కూలిపోతుంది.

అదే ట్యాబ్‌లో వాటర్‌మార్క్ టిక్‌ను మొదట ఉండనివ్వండి. ఆటలో తెర మూలన డీజీవూడూ గుర్తు కనిపిస్తే మీ ఫైళ్లు పనిచేస్తున్నట్టు లెక్క. కనిపించకపోతే తప్పు ఫోల్డర్లో వేసినట్టు. తేలాక టిక్ తీసేయండి. ఈ ఆటలో గ్లైడ్, డైరెక్ట్3డీ రెండూ ఉన్నాయి. గ్లైడ్‌నే ముందు ప్రయత్నించండి. ఫ్రేముల వేగానికి 60 దగ్గర కళ్లెం వేయడం మరవద్దు. గ్రాఫిక్స్ కార్డు కంట్రోల్ ప్యానెల్లో ఆ సదుపాయం ఉంటుంది.

ప్రశ్న: సెటప్ క్లిక్ చేస్తే ‘ఈ యాప్ మీ పీసీలో నడవదు’ అంటోంది. (రాజమహేంద్రవరం నుంచి)

ఆట 32 బిట్‌దే అయినా దాని సెటప్ 16 బిట్‌ది కావచ్చు. 1990ల చివర్లో అది మామూలే. విండోస్ 11 అంటేనే 64 బిట్, దానిలో 16 బిట్ ప్రోగ్రాములు నడవవు. ఓటీవీడీఎం అనే ఉచిత ప్రోగ్రామ్ తెచ్చి దానితో సెటప్ తెరవండి, ఇన్‌స్టాల్ అయ్యాక దాని అవసరం ఉండదు. విండోస్ ఏదైనా ఆటకు డైరెక్ట్‌ప్లే (పాత ఆటలు వాడే విండోస్ భాగం) కావాలని అడిగి, దించుకోలేక ఆగిపోతే, కంట్రోల్ ప్యానెల్లో విండోస్ ఫీచర్ల జాబితా తెరిచి లెగసీ కాంపోనెంట్స్ కింద డైరెక్ట్‌ప్లేకు టిక్ పెట్టండి.

ప్రశ్న: జాయ్‌స్టిక్, విడి థ్రాటిల్, రడ్డర్ పెడల్స్ మూడూ యూఎస్‌బీవి. కొత్త ఆటల్లో బాగున్నాయి, పాత ఆటకు మాత్రం ఒక్కటే కనిపిస్తోంది, అదీ పెడల్స్! పాత 15 పిన్నుల స్టిక్ కూడా ఒకటుంది, దాన్ని వాడుకోవచ్చా? (విశాఖపట్నం నుంచి)

పాత ఆటలు ఒక్క పరికరాన్నే అడుగుతాయి, విండోస్ జాబితాలో మొదటిదాన్ని అప్పగిస్తుంది. రన్ పెట్టెలో జాయ్.సీపీఎల్ అని కొట్టి అడ్వాన్స్‌డ్ నొక్కితే, పాత ప్రోగ్రాములకు ఏ పరికరం ఇవ్వాలో ఎంచుకునే చోటు వస్తుంది. అక్కడ జాయ్‌స్టిక్ పెట్టండి. ఆట మొదలుపెట్టే ముందు ఎక్స్‌బాక్స్ గేమ్‌ప్యాడ్ గుచ్చి ఉంటే తీసేయండి, మొదటి స్థానం కొట్టేసేది ఎక్కువగా అదే.

మూడింటినీ వాడాలంటే వాటిని ఒకే పరికరంగా చూపించాలి. దానికి వీజాయ్, జాయ్‌స్టిక్ గ్రెమ్లిన్, హిడ్‌హైడ్ అనే మూడు ప్రోగ్రాములు కావాలి. వీజాయ్‌తో 8 యాక్సిస్‌లు (కదలికను కొలిచే దిశలు), 32 బటన్ల ఊహా జాయ్‌స్టిక్ ఒకటి సృష్టించండి (విండోస్ 11కు సరిపడే విడుదలనే తీసుకోండి). జాయ్‌స్టిక్ గ్రెమ్లిన్‌లో అసలు మూడింటి యాక్సిస్‌లను దానికి కలపండి. తర్వాత హిడ్‌హైడ్‌తో అసలు పరికరాలను దాచేయండి. హిడ్‌హైడ్‌లో అప్లికేషన్ల జాబితాకు గ్రెమ్లిన్‌ను చేర్చడం తప్పనిసరి. చేర్చకపోతే ఆటతోపాటు గ్రెమ్లిన్‌కూ అవి కనిపించవు, ఊహా జాయ్‌స్టిక్ కదలదు.

ఎగురుతుండగా జాయ్‌స్టిక్ హఠాత్తుగా బిగుసుకుపోతే డివైస్ మేనేజర్లో యూఎస్‌బీ రూట్ హబ్, పవర్ మేనేజ్‌మెంట్‌కు వెళ్లి, కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆపే టిక్ తీసేయండి.

15 పిన్నుల గేమ్‌పోర్టుకు విండోస్ మద్దతు విస్టాతోనే పోయింది. రెండు యాక్సిస్‌లు, నాలుగు బటన్ల సాదా అనలాగ్ స్టిక్ అయితే చవక యూఎస్‌బీ అడాప్టరుతో పనిచేస్తుంది. సైడ్‌వైండర్ లాంటి డిజిటల్ గేమ్‌పోర్టు స్టిక్‌లకు చాలావరకు ఆ అడాప్టరు చాలదు, ఆర్డువినో తరహా బోర్డుతో చేసినది కావాలి. స్టిక్ వదిలేసినా ముక్కు ఒక పక్కకు లాగుతుంటే లోపలి పొటెన్షియోమీటర్లు అరిగాయన్న మాట. కాలిబ్రేట్ చేసి, ఆటలో డెడ్ జోన్ కొంచెం పెంచండి.

ప్రశ్న: 1991 నాటి ఫాల్కన్ 3.0 డాస్‌బాక్స్‌లో తెరుచుకుంది గానీ ఎఫ్-16 ఈడ్చుకుంటూ ఎగురుతోంది. జాయ్‌స్టిక్ మధ్యలో నిలవదు. (కర్నూలు నుంచి)

డాస్‌బాక్స్ అంటే పాత డాస్ కంప్యూటరును అనుకరించే ప్రోగ్రామ్. దాని వేగాన్ని సైకిల్స్‌తో నిర్ణయిస్తారు. ఆ నాటి ప్రాసెసర్లలో 386 డీఎక్స్ 33 వేగానికి సుమారు 6,000, 486 డీఎక్స్ 33కు 12,000, 486 డీఎక్స్2 66కు 25,000 కావాలి. కాన్ఫిగరేషన్ ఫైల్లో సైకిల్స్=ఫిక్స్‌డ్ 12000తో మొదలుపెట్టి, ఆటలో కంట్రోల్+ఎఫ్12తో పెంచుతూ, కంట్రోల్+ఎఫ్11తో తగ్గిస్తూ సరిపడే అంకె పట్టుకోండి. సైకిల్స్=మాక్స్ పెట్టకండి. పాత ఆటలకు అతివేగం కూడా జబ్బే. ఆ రోజుల్లో ఈ ఆటలోని హై ఫిడెలిటీ ఫ్లైట్ మోడల్‌కు విడిగా మ్యాథ్ కో-ప్రాసెసర్ చిప్ కొనుక్కోవాల్సి వచ్చేది. డాస్‌బాక్స్‌లో అది ఎటూ ఉంటుంది, నిశ్చింతగా ఆన్ చేసుకోండి. ఆట అడిగే కన్వెన్షనల్ మెమరీకీ ఇబ్బంది లేదు, 630 కేబీ వరకు ఖాళీ దొరుకుతుంది.

జాయ్‌స్టిక్ విభాగంలో టైమ్‌డ్=ట్రూ అని ఉంటే ఫాల్స్ చేయండి. యాక్సిస్ కొట్టుకుపోవడం సాధారణంగా దానితో ఆగుతుంది. డాస్‌బాక్స్ తెరిచాక గుచ్చిన స్టిక్ దానికి కనిపించదు, ముందే గుచ్చాలి.

ప్రశ్న: ఇన్ని తిప్పలెందుకు, వర్చువల్ మెషీన్లో (కంప్యూటరు లోపల నడిచే ఊహా కంప్యూటర్లో) ఎక్స్‌పీ వేసుకుంటే పోదా? (సికింద్రాబాద్ నుంచి)

వర్చువల్‌బాక్స్‌లో అయితే పోదు. 6.1 నుంచి ఎక్స్‌పీకి త్రీడీ మద్దతు తీసేశారు. త్రీడీ లేకపోతే విమానం ఎగరదు. వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌లో ఎక్స్‌పీకి డైరెక్ట్‌ఎక్స్ 9 వరకు త్రీడీ ఉంది, ఇప్పుడది ఉచితం కూడా. అయినా జాయ్‌స్టిక్ స్పందన మందగిస్తుంది, డిస్కు రక్షణలు వర్చువల్ మెషీన్‌ను చూసి మొరాయించవచ్చు. ఇంట్లో నిజంగా ఎక్స్‌పీ కాలం నాటి కంప్యూటరు మూల పడి ఉంటే స్టార్‌ఫోర్స్ డిస్కులకు అదే సరైన చోటు. ఎక్స్‌పీకి భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి కాబట్టి దానికి ఇంటర్నెట్ కనెక్షన్ ఇవ్వకండి.

ప్రశ్న: ఫాల్కన్ 4.0 (1998) ఎలా నడపాలి? (టెక్సాస్ నుంచి)

నడపకండి! లైసెన్సు ఉంచుకుని, ఉచితంగా దొరికే ఫాల్కన్ బీఎంఎస్ వేసుకోండి. అదే డైనమిక్ క్యాంపెయిన్, అదే కొరియా యుద్ధరంగం, డైరెక్ట్‌ఎక్స్ 11 గ్రాఫిక్స్, వీఆర్ సదుపాయం. అసలు ఫాల్కన్ 4.0 మీ కంప్యూటర్లో ఉందో లేదో ఇన్‌స్టాలర్ చూస్తుంది. స్టీమ్‌లోనో గాగ్‌లోనో కొన్నది చాలు.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో ఎన్విడియా కార్డున్నా ఐఎల్-2 తడబడుతోంది. తెర కుడివైపు, కింద కొంత భాగం కనిపించకుండా పోతోంది. (తిరుపతి నుంచి)

పాత ఆటను చూసి విండోస్ ‘దీనికి ఇంటెల్ గ్రాఫిక్స్ చాలు’ అనుకుంటోంది. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లో ఐఎల్2ఎఫ్‌బీ.ఈఎక్స్ఈని చేర్చి హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి. ఓపెన్‌జీఎల్ ఆటలు కొన్నిసార్లు దీన్ని లెక్కచేయవు, అప్పుడు ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్లోనూ అదే ప్రోగ్రామ్‌కు ఎన్విడియా ప్రాసెసర్‌ను నిర్ణయించండి. తెర తెగిపోవడానికి కారణం, అక్షరాలు పెద్దగా కనిపించేలా విండోస్ పెట్టే 125 శాతం లాంటి స్కేలింగ్. ఈఎక్స్ఈ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, హై డీపీఐ సెట్టింగ్స్‌లో ఓవర్‌రైడ్ టిక్ పెట్టి, కింద అప్లికేషన్ ఎంచుకోండి. డెస్క్‌టాప్ స్కేలింగ్ మార్చనక్కర్లేదు.